చీకటిగదికి కొత్త చూపు

అటకెక్కిన పాత ఎన్‌లార్జర్‌ని కిందికి దించి చూస్తే... స్తంభం, బల్బు, చెక్కపీట అన్నీ బాగానే ఉంటాయి. పాడయ్యేది సాధారణంగా ఒక్కటే. అదే లెన్సు! దాన్ని మారిస్తే యాభై, అరవై ఏళ్లనాటి నెగెటివ్‌లోంచి మనుషులు మళ్లీ కాగితం మీదికి వస్తారు. అయితే ఏ లెన్సు దొరికితే అది బిగిస్తే కుదరదు. దానికో లెక్క ఉంది.

ఊళ్లో పాత ఇల్లు. వీధివైపు గదిలో ఒకప్పుడు తాతయ్య ఫొటో స్టూడియో. ఆయన పోయాక ఆ గదికి తాళం పడింది. ఇలాంటి ఇల్లు మన ఊళ్లలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒకటి ఉందనే అనుకుందాం.

సెలవులకు వచ్చిన మనవడు అటక మీది సామాను దించుతున్నాడు. పాత దుప్పటిలో చుట్టిన బరువైన వస్తువొకటి చేతికి తగిలింది. ‘జాగ్రత్తరా నాన్నా, అది మీ తాతయ్య ఎన్‌లార్జరు’ అంది నానమ్మ కింద నుంచే. దాని పక్కనే ఓ రేకుడబ్బా. నిండా నెగెటివ్‌లు. ఒక్కోటి తీసి కిటికీ వెలుతురులో చూస్తుంటే నానమ్మ పెళ్లినాటి గ్రూప్ ఫొటో నెగెటివ్ బయటపడింది. గోడకు పటం కట్టించిన ఫొటోని ఎప్పుడో చెదలు తినేసింది. మిగిలింది ఈ నెగెటివ్ ఒక్కటే.

‘ఎడంపక్క చివర పంచెకట్టుతో నిలబడ్డాడే... ఆయనే మా నాన్న. ఆయనకి ఇంకో ఫొటో లేదురా’ అంది నానమ్మ.

కథ ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ నెగెటివ్ బాగానే ఉంది. ఎన్‌లార్జరూ బాగానే ఉంది. దాని లెన్సుకే చూపు పోయింది!

ఫొటోలు ‘కడిగించిన’ రోజులు

ఇప్పటి పిల్లలకు ఫొటో అంటే ఫోన్లో వేలితో జరిపేది. వాళ్ల అమ్మానాన్నలకు ఫొటో అంటే ‘కడిగించేది’. రీలు తీసుకెళ్లి స్టూడియోలో ఇస్తే నాలుగు రోజుల తర్వాత రమ్మనేవారు. ఈ నాలుగు రోజుల్లో ఎర్రలైటు వెలిగే చీకటిగదిలో జరిగే పనంతా ఎన్‌లార్జర్ చుట్టూనే తిరిగేది.

చూడ్డానికి అదో ఒంటికాలి కొంగలా ఉంటుంది. కింద చెక్కపీట. దాని మీద నిలువు స్తంభం. స్తంభం మీద పైకీ కిందికీ జరిగే తల. తలలో పైన పాలరంగు బల్బు, దాని కింద వెలుతురును సమంగా పరిచే పెద్ద గాజుబిళ్లలు. వాటినే కండెన్సర్లు అంటారు. ఆ కింద నెగెటివ్ పెట్టే పలక, ముడుచుకుని విచ్చుకునే తోలుసంచి, చిట్టచివర లెన్సు. నెగెటివ్‌లోని బొమ్మను లెన్సు పెద్దది చేసి, పీట మీద పెట్టిన బ్రోమైడ్ పేపరు మీద పడేస్తుంది. ఒకరకంగా చెప్పాలంటే సినిమా హాల్లో ప్రొజెక్టర్ చేసే పనే. తెర గోడ మీద కాకుండా నేల వైపు ఉంటుందంతే.

మొదట్లో ఈ యంత్రంతో పెద్దగా పనుండేది కాదు. 1905లో కన్నుమూసిన నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో నెగెటివ్‌లంటే పెద్దపెద్ద గాజుపలకలు. వాటిని కాగితానికి ఆనించి ఎండలో పెడితే అంతే సైజు ఫొటో వచ్చేది. అంతకుముందు తొలిరోజుల్లోనైతే పెద్దది చేయాలంటే ఎక్కువగా సూర్యకాంతే దిక్కు. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన డేవిడ్ వుడ్‌వర్డ్ ఎండతో పనిచేసే ఎన్‌లార్జర్‌కి 1857లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత కెమెరాలు చిన్నవయ్యాయి, ఫిల్మూ చిన్నదైంది. తపాలాబిళ్లంత నెగెటివ్‌ని ఉన్నదున్నట్టు అచ్చువేస్తే మొహం ఆవగింజంత కూడా కనిపించదు. దాంతో ప్రతి స్టూడియోకీ ఎన్‌లార్జర్ తప్పనిసరి అయింది.

లెన్సుకూ శుక్లాలు వస్తాయి

ఇనుముకు తుప్పు పడితే గీకి రంగు వేసుకోవచ్చు. బల్బు పోతే మార్చుకోవచ్చు. తోలుసంచికి చిల్లి పడితే నల్ల టేపు అంటించొచ్చు. లెన్సుతోనే చిక్కు. తేమ తగిలే చోట ఏళ్ల తరబడి మూసి ఉంచితే గాజు మీద బూజు పడుతుంది. చూస్తే సన్నటి సాలెగూడులా ఉంటుంది. ముందే తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే ఆ బూజు వదిలే ఆమ్లం గాజును, దాని పైపూతను తినేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. మరికొన్నిటిలో లోపలి గాజుబిళ్లలను అతికించిన జిగురు వదిలేసి అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. లోపలి కందెన ఆవిరై గాజు మీద పొగలా పేరుకుపోవడమూ మామూలే.

దీనివల్ల ఏమవుతుంది? అచ్చం కంట్లో శుక్లం వచ్చినట్టే అవుతుంది. బొమ్మ కనిపిస్తుంది, కానీ పొగమంచులోంచి చూసినట్టు. నెగెటివ్‌లో పలచగా ఉన్న చోట్ల నుంచి దూసుకొచ్చే వెలుతురు బూజుకు తగిలి చెదిరిపోతుంది. ఆ చెదిరిన వెలుతురు కాగితం మీద తెల్లగా ఉండాల్సిన చోట కూడా పడుతుంది. ఫలితంగా తెల్లపంచె బూడిదరంగుకి తిరుగుతుంది. మొహంలో కళ ఉండదు.

పరీక్ష చాలా తేలిక. లెన్సును విప్పి, దాని లోపలి రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి కాస్త పక్క నుంచి చూడాలి. నాలుగు దుమ్మురేణువులు, ఒకటో రెండో సన్నగీతలు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. వాటివల్ల ఫొటోకి వచ్చే నష్టం దాదాపు ఉండదు. పొగ, సాలెగూడు, మసక... ఇవి కనిపిస్తేనే లెన్సు మార్చాలి.

అన్నట్టు, పాతికేళ్లు కదలని లెన్సు అంత తేలిగ్గా ఊడిరాదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పితే అంచు నొక్కుకుపోతుంది. సైకిలు ట్యూబు ముక్కను దాని చుట్టూ చుట్టి, అరచేత్తో గట్టిగా పట్టుకుని తిప్పితే చాలాసార్లు వదులవుతుంది. అప్పటికీ రాకపోతే లెన్సు బిగించిన పలకతో సహా విప్పి, వెనకవైపున్న రింగును వదులు చేయాలి.

ముప్పైతొమ్మిది కథ

పాత లెన్సు చేతికొచ్చింది. కొత్తది ఏది కొనాలి? మొదట చూడాల్సింది దాని వెనక ఉండే మరను.

ఇక్కడో ఆసక్తికరమైన సంగతి ఉంది. జర్మనీలోని లైట్జ్ కంపెనీ 1925లో లైకా కెమెరాను మార్కెట్‌లోకి తెచ్చింది. ‘నెగెటివ్ చిన్నది, ఫొటో పెద్దది’ అన్నదే దాన్ని రూపొందించిన ఆస్కార్ బార్నాక్ ఆలోచన. సినిమా ఫిల్మునే వాడుకుంటూ 24 మి.మీ. వెడల్పు, 36 మి.మీ. పొడవు ఉండే నెగెటివ్ తీసేదా కెమెరా. 1930 నుంచి దాని లెన్సును విప్పి మార్చుకునే వీలు కల్పించారు. ఆ మర కొలత 39 మి.మీ. అంగుళానికి 26 చుట్లు. ఇంకో తెలివైన పని కూడా చేశారు. కెమెరా నుంచి విప్పిన లెన్సునే తమ ఎన్‌లార్జర్‌కీ బిగించుకునేలా తయారుచేశారు. ఒకే లెన్సు... పగలు ఫొటో తీస్తుంది, రాత్రి అదే ఫొటోని పెద్దది చేస్తుంది!

ఆ తర్వాత ఎన్‌లార్జర్ కోసమే ప్రత్యేకంగా లెన్సులు వచ్చాయి. కంపెనీలు మారాయి, దేశాలు మారాయి. మర మాత్రం చాలావరకు అదే ఉండిపోయింది. జర్మనీ ష్నైడర్ వాళ్ల కాంపొనాన్, రోడెన్‌స్టాక్ వాళ్ల రోడగాన్, జపాన్ నుంచి వచ్చిన ఎల్-నిక్కార్... వీటిలో ఎక్కువ వాడే సైజులన్నీ దాదాపు ఆ 39 మరతోనే ఉంటాయి. అందుకే ఇటలీ ఎన్‌లార్జర్‌కి జపాన్ లెన్సు, చెక్ ఎన్‌లార్జర్‌కి జర్మనీ లెన్సు చక్కగా సరిపోతాయి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పాత యంత్రం బతికి బట్టకట్టే వీలుందంటే ఆ పుణ్యం ఈ మరదే.

అలాగని అన్నీ 39 అనుకుంటే పొరపాటే. బాగా పాతవాటిలో 25 మి.మీ., 32.5 మి.మీ. మరలు కనిపిస్తాయి. కొన్నిటికి 42, పెద్ద లెన్సులకు 50 ఉంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని లెన్సుల మర 39 మి.మీ. వెడల్పే ఉంటుంది కానీ చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం సరిగ్గా 1 మి.మీ. లైకా మరలో అది 0.977 మి.మీ. తేడా వెంట్రుక మందం కూడా లేదు. అందుకే మొదటి రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. ‘ఇంకాస్త గట్టిగా తిప్పితే పోలా’ అనుకుంటే రెండు మరలూ పాడవుతాయి.

బిగించేటప్పుడు పాతకాలం మెకానిక్కులు ఓ చిట్కా పాటిస్తారు. లెన్సును మర మీద ఆనించి ముందు ఎడమవైపు, అంటే విప్పే దిశలో నెమ్మదిగా తిప్పుతారు. ‘టిక్’మని చిన్నగా దిగిన చప్పుడు వినిపించగానే కుడివైపు తిప్పుతారు. మర వంకరగా పట్టే ప్రమాదం ఉండదు. పచ్చడిసీసా మూతకు కూడా ఇదే సూత్రం!

నెంబరు తప్పితే నాన్న మాయం

మర కుదిరితే పని అయిపోయినట్టేనా? శుక్లం ఆపరేషన్‌కి ముందు డాక్టర్లు కంటిని కొలిచి, ఏ పవర్ లెన్సు వేయాలో లెక్కకడతారు. ఇక్కడా అంతే. లెన్సు మీద 50, 75, 80, 105 అని అంకెలుంటాయి. అదే దాని ఫోకల్ లెంగ్త్. పదో తరగతి పాఠంలో నాభ్యంతరం అని చదువుకున్నదే.

మన మనవడు తప్పు చేసింది ఇక్కడే అనుకుందాం. ‘ఎన్‌లార్జర్‌కి 50 మి.మీ. లెన్సు వాడతారు’ అని ఎవరో చెప్పారు. కొని బిగించాడు. మర చక్కగా కుదిరింది. లైటు వేశాడు. పీట మీద బొమ్మ పడింది. మధ్యలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు తళతళలాడిపోతున్నారు. అంచుల వైపు వెళ్లేకొద్దీ బొమ్మ మసకబారి, మూలలు నల్లగా కమ్ముకుపోయాయి. ఎడంపక్క చివర నిలబడ్డ ముత్తాత ఆ మసకలోనే కలిసిపోయాడు. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టాడో ఆయనే లేడు!

లెన్సులో లోపం లేదు. కొలతే తప్పు. 50 మి.మీ. లెన్సును 24x36 నెగెటివ్ కోసం తయారుచేస్తారు. ఆ నెగెటివ్ ఒక మూల నుంచి ఎదురు మూలకు 43 మి.మీ. అంతమేరకు లెన్సు స్పష్టంగా చూడగలదు. అరవైలు, డెబ్భైల్లో మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా వాడింది పైనుంచి తొంగిచూసే రెండు కళ్ల కెమెరా. అందులో వేసేది 120 ఫిల్ము. రీలుకు పన్నెండు ఫొటోలు. ఒక్కో నెగెటివ్ ఇంచుమించు 56 మి.మీ. చతురస్రం. మూల నుంచి మూలకు 79 మి.మీ.! అంత పెద్ద నెగెటివ్‌ని చిన్న లెన్సు ఎలా చూడగలుగుతుంది?

అందుకే స్టూడియోల్లో ఓ లెక్క పాటించేవారు. లెన్సు ఫోకల్ లెంగ్త్ ఇంచుమించు నెగెటివ్ ఐమూల పొడవుకు సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. 35 ఎం.ఎం. ఫిల్ముకు 50. చతురస్రపు 120 ఫిల్ముకు 75 లేదా 80. అదే 120 ఫిల్ములో 6x9 సెం.మీ. నెగెటివ్‌కి 105. నాలుగు అంగుళాలు బై అయిదు అంగుళాల నెగెటివ్‌కి 135 లేదా 150. కాబట్టి లెన్సు కొనేముందు కొలవాల్సింది ఎన్‌లార్జర్‌ని కాదు... నెగెటివ్‌ని.

పెద్ద లెన్సు చిన్న నెగెటివ్‌కి పనికొస్తుంది కదా, మరి అన్నిటికీ పెద్దదే వాడితే పోలా? వాడొచ్చు. కానీ అదే సైజు ఫొటో కోసం తలను చాలా ఎత్తుకు లేపాలి. స్తంభం పొడవు చాలకపోవచ్చు.

అంగుళాల లెక్క

మన నెగెటివ్‌తో 8 అంగుళాల చతురస్రపు ఫొటో చేయాలంటే బొమ్మ 3.6 రెట్లు పెరగాలి. 80 మి.మీ. లెన్సయితే నెగెటివ్‌కి సుమారు 10 సెం.మీ. కింద, పేపరుకి 37 సెం.మీ. పైన ఉండాలి. అదే 15 అంగుళాల ఫొటో అయితే పేపరుకి 62 సెం.మీ. పైకి వెళ్లాలి. మామూలు బల్ల మీది ఎన్‌లార్జర్‌తో ఇంతకన్నా పెద్దది చేయాలంటే తలను వెనక్కి తిప్పి నేల మీదో గోడ మీదో బొమ్మ పడేలా చూసుకోవాల్సిందే.

లెన్సు మారితే ఈ దూరాలు మారతాయి. 50 లెన్సును నెగెటివ్‌కి ఆరేడు సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. పెద్ద లెన్సు కోసం తయారైన యంత్రంలో తోలుసంచి అంతలా ముడుచుకోదు. దానికోసమే గిన్నెలా లోపలికి గుంటపడి ఉండే లెన్సు పలకలు ఉంటాయి. పెద్ద లెన్సులకు మామూలు చదును పలక సరిపోతుంది. పాతది పోగొట్టుకుని కొత్తది దొరకనివాళ్లు నిరాశపడాల్సిన పనిలేదు. రెండు, మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, పాత పలక కొలతలు ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ దగ్గరైనా లేత్ మిషన్ ఉన్నవాళ్లు తయారుచేయగలరు. మర తొలిపించడం కష్టమైతే ఉత్త రంధ్రం చేయించి, లెన్సును వెనక నుంచి రింగుతో బిగించుకోవచ్చు. మెరిసే అల్యూమినియం వెలుతురును చిమ్ముతుంది కాబట్టి లోపలివైపు మెరుపులేని నల్లరంగు వేయడం మరిచిపోకూడదు.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది... కండెన్సర్. కొన్ని యంత్రాల్లో 50 లెన్సుకు ఒక జత, 75కి మరో జత గాజుబిళ్లలు ఉంటాయి. ఇంకొన్నిటిలో వాటి స్థానాన్ని మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. లెన్సు మార్చి వీటిని మార్చకపోతే బొమ్మ మధ్యలో వెలుతురు ఎక్కువై, అంచుల్లో తగ్గిపోతుంది. కొత్త లెన్సు దండగ అనిపిస్తుంది. పరీక్షించడానికి నెగెటివ్ పెట్టకుండా లైటు వేసి, పీట మీద తెల్లకాగితం పరిస్తే చాలు. వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకేలా ఉండాలి.

మేస్త్రీ చేతిలోని రసమట్టం

లెన్సు ఎంత ఖరీదైనదైనా ఓ చిన్న వంకర దాని పరువు తీస్తుంది. నెగెటివ్, లెన్సు పలక, పేపరు... ఈ మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఏ ఒక్కటి ఒరిగినా ఫొటోలో ఒకవైపు మొహాలు స్పష్టంగా, మరోవైపు అలుక్కుపోయినట్టు వస్తాయి. గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డవాళ్లకు మళ్లీ గండమే!

దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గోడ కట్టే మేస్త్రీ వాడే రసమట్టం చిన్నది ఒకటి చాలు. ముందు పీట మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడాలి. తర్వాత నెగెటివ్ పలక మీద, ఆపైన లెన్సు పలక మీద. పీట సరిగ్గా మట్టంగా లేకపోయినా ఫర్వాలేదు. మూడుచోట్లా బుడగ ఒకేచోట నిలబడాలి, అంతే. ఇది ఒక దిక్కుకే కాదు, అడ్డంగా తిప్పి కూడా చూడాలి. తేడా వస్తే మరలు సర్ది, అవి లేకపోతే పలక అంచు కింద సన్నటి రేకుముక్కో మడిచిన కాగితమో పెట్టి సరిచేయొచ్చు.

ఆఖరి పరీక్ష... వెలుతురు తగిలి పూర్తిగా నల్లబడ్డ పాత ఫిల్ము ముక్క మీద సూదితో ఒక ఐమూల నుంచి ఇంకో ఐమూలకు గీతలు గీయాలి. దాన్ని నెగెటివ్‌లా పెట్టి, మధ్యలో గీత పదునుగా కనిపించేలా ఫోకస్ చేయాలి. తర్వాత నాలుగు మూలలూ భూతద్దంతో చూడాలి. అన్నిచోట్లా గీత అంతే పదునుగా ఉంటే యంత్రం సిద్ధమైనట్టే.

దీంతోపాటు మరో మాట. ఏళ్ల తరబడి మూలనపడ్డ యంత్రం కరెంటు వైరు పెళుసుబారి ఉంటుంది. అవతల ట్రేల్లో నీళ్లు, చుట్టూ చీకటి. కాబట్టి ప్లగ్గు పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌తో వైరు మార్పించి, ఎర్తింగ్ ఇప్పించడం తప్పనిసరి.

ఎక్కడ దొరుకుతాయి?

2005లో కొడాక్ కంపెనీ బ్లాక్ అండ్ వైట్ పేపరు తయారీకి స్వస్తి చెప్పింది. 2006 జనవరిలో నికాన్ తన ఫిల్ము కెమెరాల్లో చాలావాటితోపాటు ఎన్‌లార్జర్ లెన్సుల్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మనదేశంలో ‘ఇందు’ పేరుతో ఫిల్ములు, పేపర్లు అందించిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. అప్పట్లో చాలా స్టూడియోలు ఎన్‌లార్జర్లను పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాయి. అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోలేదు. బ్రిటన్‌లో ఇల్ఫర్డ్, చెక్ రిపబ్లిక్‌లో ఫోమా ఇప్పటికీ పేపరు తయారుచేస్తున్నాయి. అది మనదేశానికీ దిగుమతి అవుతోంది. లెన్సులు మాత్రం ఎక్కువగా వాడినవే దొరుకుతాయి.

ఒకప్పుడు ఎవరూ అడగని ఈ లెన్సులకు మళ్లీ కాస్త గిరాకీ వచ్చింది. అదీ డిజిటల్ కెమెరాల పుణ్యమే! చదునుగా ఉన్న నెగెటివ్‌ని చదునుగా ఉన్న కాగితం మీదికి దింపేందుకు తయారైన లెన్సు కాబట్టి దగ్గరి వస్తువుల్ని చక్కగా పట్టుకుంటుంది. చీమల్ని, పువ్వుల్ని, నాణేల్ని దగ్గర్నుంచి ఫొటో తీసేవాళ్లు వీటిని డిజిటల్ కెమెరాలకు తగిలించుకుంటున్నారు. మామూలు కెమెరా లెన్సు దూరాన్ని చూడటానికి పుట్టింది, ఇది దగ్గరను చూడటానికి పుట్టింది. అందుకే కెమెరా లెన్సును ఎన్‌లార్జర్‌కి బిగిస్తే పని నడుస్తుంది కానీ అంచులు అంత పదునుగా రావు.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకుండా లోపల ఎన్ని గాజుబిళ్లలున్నాయో తెలుసుకోవాలి. ష్నైడర్‌లో కాంపొనార్ చవక రకం, కాంపరాన్ మధ్యరకం, కాంపొనాన్ మేలురకం. రోడెన్‌స్టాక్‌లో రోగొనార్ కన్నా రోడగాన్ మెరుగు. మేలురకంలో సాధారణంగా ఆరు బిళ్లలు ఉంటాయి. చిన్న ఫొటోలకు నాలుగు బిళ్లల లెన్సయినా చాలు. బూజు పట్టిన ఆరు బిళ్లల లెన్సు కన్నా శుభ్రంగా ఉన్న నాలుగు బిళ్లలదే నయం. తెచ్చుకున్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ పొట్లం వేసి దాచుకుంటే మళ్లీ బూజు దరిచేరదు.

‘ఇంత తంటా ఎందుకు? నెగెటివ్‌ని స్కాన్ చేయించుకుంటే సరిపోదా?’ అనొచ్చు ఎవరైనా. సరిపోతుంది. నిజానికి స్కాన్ ముందు చేయించుకోవాలి కూడా. ఎందుకంటే పాత అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ చివికిపోతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆ పని మొదలైనట్టే. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. అయితే స్కాన్ కంప్యూటర్లో ఉంటుంది. సరిగ్గా కడిగి ఆరబెట్టిన వెండి ఉప్పు కాగితం గోడ మీద తరాలపాటు ఉంటుంది. ఇంట్లో యంత్రం, నెగెటివ్ రెండూ ఉన్నప్పుడు లెన్సు ఒక్కదాని కోసం దాన్ని వదులుకోవడం ఎందుకు?

చివరివాడు కనిపించాడు

మనవడు ఈసారి 80 మి.మీ. లెన్సు తెచ్చాడు. మర 39. చదును పలక. కండెన్సర్ల జత మార్చాడు. రసమట్టంతో మూడుచోట్లా చూసుకున్నాడు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/5.6 దగ్గర పూర్తిగా తెరిచి ఫోకస్ చేశాడు. తర్వాత ఎఫ్/11కి తగ్గించాడు. పూర్తిగా తెరిచినప్పటికన్నా ఒకటి రెండు మెట్లు తగ్గించినప్పుడే లెన్సు తన ఉత్తమమైన పనితనం చూపిస్తుంది మరి.

ఎర్రలైటు వెలుతురులో పేపరును పట్టీలుగా కత్తిరించాడు. ఒక పట్టీని అట్టముక్కతో కప్పుతూ అయిదు, పది, పదిహేను, ఇరవై సెకన్లు వెలుతురు చూపించాడు. పదిహేను సెకన్ల దగ్గర పంచె తెల్లగా, కోటు నల్లగా వచ్చాయి. ఆ కొలతతోనే పూర్తి పేపరుకు వెలుతురిచ్చి డెవలపర్ ట్రేలో వేశాడు. తాతయ్య నోటుపుస్తకంలో ఇదే రకం ఫొటోలకు గట్టి కాంట్రాస్టు పేపరు వాడినట్టు రాసి ఉంది. కొత్త లెన్సుతో మామూలు పేపరే సరిపోయింది. చివరి రోజుల్లో ఆ పెద్దాయన మసకబారుతున్న లెన్సుతో ఎంత అవస్థపడ్డారో అప్పుడర్థమైంది.

ట్రేలో కాగితం మొదట ఉత్త తెలుపు. అర నిమిషానికి పందిరి గుంజలు తేలాయి. ఆ వెంటే పెళ్లికొడుకు తలపాగా, బాసికం కట్టిన పదహారేళ్ల పెళ్లికూతురు. తర్వాత వరసగా ఒక్కో మొహం. ఆఖరున ఎడమ అంచున పొడవాటి మనిషి, తెల్లపంచె, చేతికి గడియారం.

తలుపు సందులోంచి తొంగిచూడబోయిన నానమ్మను ‘లైటు పడుతుంది, ఆగు’ అని ఆపాడు మనవడు. హైపోలో పదినిమిషాలుంచి, నీళ్లలో జాడించి, తడి కాగితాన్నే బయటకు తెచ్చి చూపించాడు. నానమ్మ కళ్లజోడు సవరించుకుంది. కిందటేడే శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్లు. కాసేపటిదాకా ఏమీ మాట్లాడలేదు.

‘మా నాన్న గడియారం పెట్టుకున్నాడన్న సంగతే మరిచిపోయానురా’ అంది చివరికి.